పారేయడం నేర్పిన ఉద్యోగం

ఉద్యోగ జ్ఞాపకాలు రాసే మనిషికి తెల్లజుట్టు, పడక కుర్చీ, చక్కెర జబ్బు ఉండాలి. నాకు మూడూ లేవు. అయినా నేను రిటైరైన ఉద్యోగినే. కోర్టు గనులు ఆపమన్న వారంలో మా బళ్ళారి జిల్లాలో లారీ డ్రైవర్లు, గుమాస్తాలు, టీ కొట్లవాళ్ళు, జియాలజిస్టులు, నేను, అందరం ఒకేసారి రిటైరయ్యాం. ఎవరికీ శాలువా కప్పలేదు. అన్ని శాలువాలు జిల్లాలో లేవు. పెన్షను రాకపోయినా ఉపదేశం చేసే హక్కయినా మిగిలింది కదా అని, కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఇది రాస్తున్నాను. ఉపదేశం చివర్లో ఉంటుందని ఆశపడకండి. నాకే దొరకలేదు.

మాది కౌల్ బజార్ వైపు. పాత మిషను సంఘం కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బజారులో ఉర్దూ, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు. ఇన్ని భాషలున్న ఊళ్ళో పుట్టి నేను తెలుగు టీచరు ట్రైనింగు చేశాను. కర్ణాటకలో తెలుగు టీచరు ఉద్యోగం కోసం ఎదురుచూడడమంటే చేపల వల పట్టుకుని మిద్దె మీద కూర్చోవడమే. రెండేళ్ళు కూర్చున్నాను. ఆ తర్వాత సండూరు కొండల్లో, తారానగర్ వైపు ఉన్న ఒక ఇనుప గని ఆఫీసులో పని దొరికింది. నా హోదా పేరు లైజన్ అసిస్టెంటు. అంటే ఏమిటని నాన్న అడిగితే, మాటలు మోసే హమాలీ అని చెప్పాను. ఆయన చాలా సంతోషించాడు. నేను ఏదైనా మోస్తానని ఒప్పుకోవడం అదే మొదటిసారి.

ఆ రోజుల్లో మా జిల్లాలో మట్టికి రెక్కలొచ్చాయి. సండూరు నుంచి రేవుల దాకా లారీల వరస. చెట్ల ఆకులు ఎరుపు, కుక్కలు ఎరుపు, పెళ్ళికి వెళ్ళొస్తే మన ముక్కులోంచి వచ్చేదీ ఎరుపే. తెల్ల చొక్కా కొనుక్కున్నవాణ్ణి ధైర్యవంతుడనేవాళ్ళు.

మా మేనేజరు ఉత్తరాది మనిషి. పొడుగు, మెత్తని గొంతు, ఎవరినీ గట్టిగా ఒక మాట అనడు. గనిలో అలాంటివాళ్ళను చూసి నేను భయపడడం తర్వాత నేర్చుకున్నాను. వచ్చిన వారంలోనే నన్ను పిలిచి, తనకు తెలుగు నేర్పమన్నాడు. యార్డులో రాయి ఏరే ఆడవాళ్ళంతా తెలుగువాళ్ళు. వాళ్ళతో తానే మాట్లాడాలట. నా ట్రైనింగుకు దొరికిన మొట్టమొదటి విద్యార్థి. జీతం నాకంటే చాలా ఎక్కువ.

"ముందు ఏ మాట నేర్పుతావు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"నమస్కారంతో మొదలుపెడదాం సార్."

"అది అక్కర్లేదు. యార్డులో నాకు రోజంతా ఒకే మాట వినిపిస్తూ ఉంటుంది. పారే... పారే ఏదో."

"పారేయ్, సార్."

అలా మా పాఠాలు 'పారేయ్'తో మొదలయ్యాయి.

ఆయన విన్నది నిజమే. యార్డులో కన్వేయరు పట్టా మీద ఖనిజం కదిలిపోతూ ఉంటుంది. రెండు వైపులా ఆడవాళ్ళు కూర్చుని, అందులో ఇనుము కానిది ఏదొచ్చినా, తెల్లరాయి, సుద్ద, మట్టిపెళ్ళ, చేత్తో తీసి వెనక్కి విసురుతారు. మంచి సరుకును 'మాలు' అంటారు. మాలును ఎవరూ ముట్టుకోరు, అది తనంతట తాను వెళ్ళిపోతుంది. చేతులన్నీ పారేయడానికే. పట్టా రాకముందు నేల మీద కుప్పలు పోసి ఏరేవాళ్ళు. అలా ఒక తరం ఆడవాళ్ళు విసిరిందంతా, దానితోపాటు కంపెనీ వద్దనుకున్న నాసిరకం ముక్క, పొడి కలిసి యార్డు చివర ఒక గుట్ట అయింది. దాన్ని అందరూ 'పారేసిన గుట్ట' అనేవాళ్ళు. ఎవరికీ పనికిరాని చోటు కాబట్టి ఏరేవాళ్ళు దాన్ని చదును చేసుకుని దాని మీదే ఇళ్ళు వేసుకున్నారు. కంపెనీ కాదనలేదు. పని మనుషులు కూతవేటు దూరంలో ఉంటే సైరను ఖర్చు కూడా తగ్గుతుంది.

నేను బడిలో నేర్పే పద్ధతిలోనే నేర్పాను. అర్థం చెప్తే చాలదు, సొంత వాక్యాలు చెయ్యాలి. ఆయన జీపులో కూర్చుని, సిగరెట్టు పెట్టె వెనక రాసుకుంటూ సొంత వాక్యాలు చేసేవాడు. "రాయి పారేయండి." "టీ చల్లారింది, పారేయండి." "పాత టైరు ఎవరు పారేశారు?" చురుకైన విద్యార్థి. రెండో వారానికి ఒంటి క్రియతో తృప్తిపడలేదు. తీసి పారేయడం, కొట్టి పారేయడం, ఏకి పారేయడం, ఉతికి పారేయడం, అన్నీ చెప్పించుకున్నాడు. మనిషికి ఎన్ని రకాలుగా పారేయాలనిపిస్తుందో అన్ని రకాలకూ మన భాష ముందే ఏర్పాట్లు చేసి పెట్టిందని నాకూ అప్పుడే తెలిసింది.

"మనుషులకు కూడా వాడొచ్చా?" అన్నాడొకరోజు.

"కోపంలో వాడతారు సార్. 'ఉద్యోగంలోంచి తీసి పారేశారు' అంటారు."

"కోపం లేకుండా?"

"కోపం లేకుండా ఎవరూ ఆ పని చెయ్యరు సార్."

ఆయన నావైపు జాలిగా చూశాడు. నాకు మేనేజ్‌మెంటు తెలియదని ఆయనకు అర్థమైంది.

యార్డులో ఏరేవాళ్ళకు పెద్ద ఒక మేస్త్రమ్మ. వయసు ఎంతని అడిగితే "పట్టా కంటే పెద్ద, కొండ కంటే చిన్న" అనేది. పెళ్ళయిన ఏడాది అనంతపురం వైపు నుంచి మొగుడితో వచ్చింది. ఆ మొగుడు దుమ్ము మింగి మింగి పోయాడు. పారేసిన గుట్ట మీద మొదటి ఇల్లు వేసింది ఆమే. అది రేకుల ఇల్లు, ముందు ఒక అరుగు. ఆ అరుగు మీద కూర్చుంటే గని, యార్డు, లారీల దారి మొత్తం కనిపిస్తాయి. చూడదగ్గది ఏమీ లేదు కానీ, ఆమె మాత్రం దాన్ని మహారాణిలా చూసేది.

ట్రైనింగు సంగతి నోరు జారి చెప్పినప్పటి నుంచి నేను అందరికీ టీచరప్పను.

"ఏం టీచరప్పా, సారుకి 'పారేయ్' నేర్పిస్తాండావంటనే?" అంది ఒక మధ్యాహ్నం సద్ది మూట విప్పుతూ.

"అవును పెద్దమ్మా. బాగా నేర్చుకుంటాండాడు."

"అట్లే 'ఉంచు' అనేది కూడా రోంత నేర్పీప్పా. అదీ మాటే గదా."

"అది వచ్చే ఏడు సిలబస్సులో ఉండాది."

"నీ సిలబస్సు మన్నుగాను," అని ఒక రొట్టె నా చేతిలో పెట్టింది. ఆమె తిట్టు, రొట్టె ఎప్పుడూ కలిసే వచ్చేవి. నేను తిట్టును వెనక్కి విసిరి రొట్టెను మాలులా దాచుకునేవాణ్ణి.

ఆడవాళ్ళ దగ్గర నాకున్న పరపతంతా నవ్వించడం వల్ల వచ్చిందే. నా పద్ధతి ఒకటే: మొహం బిగించుకుని అబద్ధం చెప్పడం. కొండల మీద కొత్త షావుకార్ల హెలికాప్టర్లు తిరుగుతున్న కాలం కదా. "పండగకి మిమ్మల్నందరినీ సారు హెలికాప్టరులో బస్టాండుకాడ దింపుతాడంట" అని ఒకసారి చెప్పి, ఇద్దరు ఇంటికి పోయి చీర మార్చుకుని వచ్చేదాకా నవ్వకుండా నిలబడ్డాను. తర్వాత ఆ ఇద్దరూ నన్ను చీపురుతో తరిమారు. చాలా గౌరవప్రదమైన జీవితం.

ఇలా ఉండగా ధర పెరిగింది. అంతవరకూ గట్టి రాయి మాత్రమే కొనేవాళ్ళు, ఇప్పుడు పొడి కూడా కొంటామన్నారు. నాసిరకమూ కొంటామన్నారు. దూరదేశాల ఓడలు రేవుల్లో నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాయట. ఎర్రగా ఉంటే చాలట. జియాలజిస్టు, నా వయసువాడే, ఒక సాయంత్రం పారేసిన గుట్టను తల పక్కకు వాల్చి చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ అంతసేపు చూడరు.

కొన్నాళ్ళకు గుట్ట మీదికి రిగ్గు లారీ వచ్చింది.

మా వైపు రిగ్గు లారీకి అర్థం ఒకటే, నీళ్ళ బోరు. గుట్ట కడుపులో ఏముందో చూసే ప్రత్యేకమైన యంత్రం తేవాలంటే ఆలస్యమని, కంపెనీవాళ్ళు పొలాల్లో బోర్లు వేసే లారీనే మాట్లాడుకున్నారు. అదే తమిళ డ్రైవరు, అదే పొడవాటి గొట్టాలు, ముందు అదే వేలాడే మిరపకాయలు, నిమ్మకాయ. గుట్ట మీది ఇళ్ళవాళ్ళు ఏళ్ళుగా బోరు కోసం అడుగుతున్నారు. ట్యాంకరు వచ్చినప్పుడు బిందెల వరసలో తలలు పగులుతున్నాయి. పోయిన మీటింగులో మేనేజరు "నీళ్ళ సంగతి చూద్దాం" అని తెలుగులో అన్నాడు కూడా. కాబట్టి లారీని చూడగానే వాళ్ళకు ఇంకో ఆలోచన రాలేదు. ఎవరికొస్తుంది?

పిల్లలు అరుస్తూ వెనక పరిగెత్తారు. ఆడవాళ్ళు పని నుంచి ఒక పూట సెలవడిగి వచ్చారు. లారీకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మా మిషను సంఘం వాళ్ళ ఇళ్ళు కూడా కొన్ని అక్కడ ఉన్నాయి. వాళ్ళలో పెద్దాయన బండలోంచి నీళ్ళు రప్పించిన దేవుణ్ణి గుర్తు చేస్తూ ప్రార్థన చేశాడు. ఆమెన్ అనగానే పక్కన టెంకాయ పగిలింది. ఏ దారిలో వచ్చినా నీళ్ళు నీళ్ళే.

మేనేజరు జీపు దిగి, "వీళ్ళు ఏం చేస్తున్నారు?" అన్నాడు. తప్పులేని తెలుగు.

"పూజ సార్. నీళ్ళ బోరు అనుకుంటున్నారు. కాదని చెప్పనా?"

ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "వద్దు. వాళ్ళ సెంటిమెంటుకు మనమెందుకు అడ్డు?" అన్నాడు. ఒక ముసలమ్మ వచ్చి కుంకుమ పెడితే వంగి పెట్టించుకున్నాడు. టెంకాయ ముక్క కూడా తీసుకున్నాడు. ఆ క్షణంలో ఆయన్ని చూస్తే నీళ్ళ మంత్రి గుర్తొచ్చాడు.

బోరు వేసే రోజు రిగ్గువాళ్ళకు కోడికూర పెట్టడం మా ఆచారం. ఎవరి ఇంటి ముందు గొట్టం దిగుతుందో వాళ్ళు పెట్టాలి. మొదటి గొట్టం మేస్త్రమ్మ అరుగు ముందే దిగుతోంది. ఆమె గుడ్లు పెట్టే కోడిని పట్టుకుని ఇంటి వెనక్కి బయలుదేరింది.

నేను అడ్డం వెళ్ళాను.

"పెద్దమ్మా, కోడిని కొయ్యద్దు. ఇది నీళ్ళ బోరు కాదు."

"ఇంగేంది?"

"గుట్టలో మాలు ఉండాదేమో చూస్తాండారు. ఉంటే తవ్వుతారు. మీ ఇండ్లు తీసి పారేస్తారు."

ఆమె నా మొహం చూసింది. నేను మొహం ఎంత బిగించానంటే, తర్వాత దవడ నొప్పెట్టింది.

"యోవ్, ఇనండే!" అని కోడిని ఎత్తి పట్టుకుని అరిచింది. "టీచరప్ప ఏమంటాండాడో! మనమిట్ల పారేసిన రాళ్ళ కోసరం సారు బోరేస్తాండాడంట! మన ఇండ్లు పెరకతారంట!"

అందరూ నవ్వారు. హెలికాప్టరు కోసం చీర మార్చుకున్న ఇద్దరూ మరీ ఎక్కువ నవ్వారు.

"నిజ్జంగా చెప్తాండా పెద్దమ్మా. ఒట్టు."

"ఒట్టంట! సుమ్నె పో అప్పా. ఆ మొగం చూడండే, బీగానికి బీగం వేసినట్ల పెట్నాడు!"

ఎంత నిజం చెప్తే అంత నవ్వు. నా ఉద్యోగ జీవితంలో నా హాస్యం ఇంతగా పండిన రోజు లేదు. కోడి చచ్చిపోయింది.

గొట్టాలు దిగాయి. పైకి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఎర్ర దుమ్ము, ఇంకా ఎర్ర దుమ్ము. ఆడవాళ్ళు కొంగులు మొహాలకు అడ్డం పెట్టుకుని, "ఇంగా లోతుకు పోనీ సామీ, ఇంగో గొట్టం ఎయ్యి" అని డ్రైవరును బతిమాలుతున్నారు. జియాలజిస్టు ఆ దుమ్మును చిన్న చిన్న సంచుల్లోకి ఎత్తి మూతులు కట్టిస్తున్నాడు. మధ్యాహ్నానికి ఆపేశారు.

నీళ్ళు పడని బోరు దగ్గర ఒక మర్యాద ఉంటుంది. అది ఎవరూ నేర్పరు, అందరికీ తెలుసు. రిగ్గువాళ్ళు ఇంటివాళ్ళ కళ్ళలోకి చూడరు. గొట్టాలు చప్పుడు కాకుండా సర్దుకుంటారు. కూర పెడితే రెండు ముద్దలు తిని చేతులు కడుక్కుంటారు. చావింటికి వచ్చినట్టు వెళ్ళిపోతారు.

మేస్త్రమ్మ అరుగు మీద ఆకులు వేసి అన్నం వడ్డించింది. డ్రైవరు, అతని మనుషులు తలలు వంచుకునే తిన్నారు. పాపం, వాళ్ళకు అలవాటు. కానీ జియాలజిస్టు, మేనేజరు నవ్వుతున్నారు. ఒక సంచిలోంచి చిటికెడు పొడి తీసి అరచేతిలో రుద్ది చూసుకుని, చేతులు కలుపుకుని, మళ్ళీ ముక్క అడిగి వేయించుకున్నారు.

ఆమె గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

"నీళ్ళు పడకపోతే నగుతాండారు, యాలప్పా?" అంది, ఎవరినీ ఉద్దేశించకుండా. తర్వాత నన్ను చూసింది. "నువ్వు చెప్పింది నిజమేనా?"

నేను తల ఊపాను.

ఇక్కడ మీరు కన్నీళ్ళ కోసం చూస్తుంటే నన్ను క్షమించాలి. ఆమె జియాలజిస్టు ఆకులో ఇంకొంచెం కూర వేసింది. "కోడి రుచిగుండాదా సామీ?" అంది.

"చాలా బాగుంది," అన్నాడు ఆ అబ్బాయి.

"గుడ్లు పెట్టే కోడి. తిను."

ల్యాబు నుంచి ఫలితం వచ్చిన రోజు ఆఫీసులో పేడాలు పంచారు. నాకు రెండు వచ్చాయి. పారేసిన గుట్టలో మాలు పుష్కలంగా ఉందట. ముప్పై ఏళ్ళు వద్దనుకున్నదంతా ఇప్పుడు కావాలట. ఆ సాయంత్రం మేనేజరు నన్ను పిలిచి తలుపు వేశాడు. గుట్ట మీదివాళ్ళతో తానే మాట్లాడతాడట, తెలుగులోనే. "మధ్యలో మనిషి ఉంటే దూరం పెరుగుతుంది" అన్నాడు. ఆ మధ్యలో మనిషిని నేనే అని ఆయనకు గుర్తులేనట్టుంది.

"వెళ్ళిపోండి అనొచ్చా? మరీ కఠినంగా ఉంటుందా?"

"గెంటేయడం, తోసేయడం, వెళ్ళగొట్టడం, చాలా ఉన్నాయి సార్. మర్యాదకు చివర్లో 'అమ్మా' చేర్చుకోవచ్చు."

ఆయన నా మాటలో వెటకారం వెతకలేదు. 'అమ్మా' అని రాసుకున్నాడు.

మీటింగు గుట్ట కింద, రేకుల షెడ్డులో పెట్టారు. ఒక పక్క సెక్యూరిటీ ఆఫీసరు, మాజీ మిలిటరీ, మీసం దువ్వుకుంటూ నిలబడ్డాడు, యుద్ధం వస్తుందని ఆశతో. మేనేజరు కాగితం లేకుండా మాట్లాడాడు.

"అమ్మా, మీరు మా కుటుంబం. ఈ చోటు కంపెనీది. ఇక్కడ పని మొదలవుతుంది. మీకు చోరనూరు దారిలో, వంక అవతల వేరే చోటు చూశాం. రేకులు కూడా ఇస్తాం. మిమ్మల్ని ఎవరూ పారేయడం లేదు."

ఆశ్చర్యమేమిటంటే చప్పట్లు పడ్డాయి. అంత పెద్ద మనిషి, ఉత్తరాది మనిషి, అంత చక్కగా మన మాట మాట్లాడితే ముచ్చటేస్తుంది కదా. "ఎంత బాగ మాట్లాడినాడే!" అని వెనక ఒకామె పక్కామెను పొడిచింది. తనను ఎక్కడికి పొమ్మన్నాడో ఆమెకు ఇంకా లోపలికి దిగలేదు.

మేస్త్రమ్మ లేచింది.

"సామీ, ఆ రాయి మీకొద్దని మీరే పారేపిచ్చినారు. మా చేతల్తోనే పారేపిచ్చినారు. మీకొద్దన్నదాని మీదే మేము ఇల్లేసుకున్న్యాం. మీకు కావాల్సిన జాగాలో ఏసుకోలేదు గదా?"

మేనేజరుకు అర్థమైంది. అయినా నావైపు చూశాడు. అర్థమైనది కూడా ఇంకొకరు మోసుకొస్తే బరువు తగ్గుతుంది. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆయన ఆమెకు తెలుగులోనే జవాబిచ్చాడు.

"అప్పుడు దానికి రేటు లేదమ్మా. ఇప్పుడు వచ్చింది."

"మన్నుకి వచ్చె. మాకు?"

సినిమా అయితే ఇక్కడ మేనేజరు తల దించుకోవాలి. ఆయన గడియారం చూసుకున్నాడు. భోజనాల వేళయింది.

సెక్యూరిటీ ఆఫీసరు మిగతా భాగం చెప్పాడు, కన్నడంలో, క్లుప్తంగా. గొడవ చేసేవాళ్ళ పేర్లు యార్డులోంచి తీసేస్తారు. గొడవ చెయ్యనివాళ్ళ పని ఉంటుంది. గుట్ట తవ్వకానికి ఏరేవాళ్ళు ఇంకా ఎక్కువ కావాలి కూడా. దాన్ని ఆయన శుభవార్తలా చెప్పాడు.

ఆ సాయంత్రం అరుగు మీద పెద్ద వాదన జరిగింది. కొందరు కోర్టుకు పోదామన్నారు. కోర్టుకు చూపించడానికి ఏముంది? పారేసిన రాళ్ళకు ఇంటి పట్టా ఎవరిస్తారు? కుర్రవాళ్ళు లారీలకు అడ్డం పడుకుందామన్నారు. హెలికాప్టరు ఆడవాళ్ళలో ఒకామె నన్ను పట్టుకుని, "నువ్వు ఆ పొద్దు గట్టిగ ఎందుకు చెప్పల్యా?" అంది. గట్టిగా చెప్పానన్నాను. "మొగం బిగిస్తే మాకెట్ల తెలుస్తాదప్పా? నగి చెప్పింటే నమ్మేవాళ్ళం," అంది. ఇన్నేళ్ళలో నా మీద వచ్చిన విమర్శల్లో సరైనది అదొక్కటే.

అందరూ మేస్త్రమ్మ వైపు చూశారు. ఇల్లా, పనా, ఏదో ఒకటి ఆమె నోటి నుంచి రావాలి.

"ఇల్లుంటే పని ఉండాలనేం లేదు," అంది. "పని పోతే ఇల్లు ఎట్లైనా పోతాది. పని పట్టుకోండి."

మర్నాడు తెల్లవారగానే తన ఇంటి పైకెక్కి ఆమే మొదటి రేకు విప్పింది. పక్కింటామె కింద నిలబడి శాపనార్థాలు పెట్టింది.

"పెద్దదానివని నిన్ను ముందర పెట్టుకుంటే నువ్వే ముందర విప్పితివే! సిగ్గుండాదా నీకు?"

మేస్త్రమ్మ నోట్లోంచి మేకు తీసి కొంగున ముడేసుకుంది. "జేసీబీ విప్పితే రేకు సొట్టలు పడ్తాది. మనం విప్పుకుంటే మల్లా పనికొస్తాది. నీ రేకులు సొట్టలు పడాల్నంటే నువ్వు ఆడే నిలబడు."

కాసేపటికి పక్కింటామె కూడా పైకెక్కింది. మధ్యాహ్నానికి గుట్టంతా రేకుల చప్పుడు. కుర్రవాళ్ళు లారీలకు అడ్డం పడుకోలేదు. ఆ లారీల్లోనే సామాను ఎక్కించారు. సెక్యూరిటీ ఆఫీసరు మీసం దువ్వడం మానేశాడు. ఆయన మొహంలో నిజమైన నిరాశ కనిపించింది. మేనేజరు నా భుజం తట్టి, "చూశావా, భాష ఎంత పని చేస్తుందో" అన్నాడు. ఆయన మనస్ఫూర్తిగా అన్నాడు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

వంక అవతల చోటు గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ట్యాంకరు అక్కడికి పోవడానికి దారి లేదు. ఆడవాళ్ళు యార్డుకు నడిచి వచ్చేవాళ్ళు.

నెల తిరక్కుండానే పారేసిన గుట్ట యార్డుకు రావడం మొదలైంది. జేసీబీ తవ్వుతుంది, క్రషరు పగలగొడుతుంది, పట్టా మీద వాళ్ళ ముందుకే వస్తుంది. మాలు ముందుకు పోతుంది, మిగిలింది వాళ్ళు ఏరి పారేయాలి. మొదటిరోజు పట్టా మీద ఇటుక పెళ్ళలు, సున్నం ముక్కలు, పగిలిన గాజులు, ఒక పిల్లవాడి చెప్పు వచ్చాయి. ఎవరిది ఏదో అందరికీ తెలుసు కాబట్టి కొంతసేపు ఎగతాళి సాగింది. "ఇదో నీ పొయ్యి వస్తాండాది, అన్నం పెట్టుకో!" "ఇదో నీ మొగుని సారాయి సీసా, భద్రంగ పట్టుకో!" ఆ నవ్వులు విని నేను కూడా, పరవాలేదు, మనుషులు దేన్నయినా తట్టుకుంటారు అనే ఒక చవకబారు ఆలోచన చేసుకుంటూ నిలబడ్డాను.

ఇంతలో ఎర్రటి రాళ్ళ మధ్య బూడిదరంగు ముక్కలు కొన్ని వచ్చాయి. గట్టి నల్లసేనపు రాయి, కొత్తగా పగిలింది. మా ఇళ్ళల్లో రుబ్బురోలు మెడదాకా నేలలో పాతేసి ఉంటుంది. ఒకసారి పాతితే అది ఇంటితోపాటే. రేకులు, తలుపులు, గిన్నెలు ఎత్తుకుపోయినవాళ్ళు రోళ్ళు మాత్రం పెకలించుకోలేకపోయారు. ఒక పెద్ద ముక్కకు ఒక పక్క నున్నగా, గుంటగా, అద్దంలా అరిగి ఉంది. ఏళ్ళ తరబడి పొత్రం తిరిగిన పక్క అది.

అవతల కూర్చున్న పక్కింటామె దాన్ని అందుకుని, పారేయకుండా పట్టుకుంది.

"అక్కా, ఇది మీ రోలు గదా."

నవ్వులు ఆగాయి. పట్టా ఆగలేదు. తొలిరోజు కదా అని మేనేజరు అక్కడే నిలబడి చూస్తున్నాడు. ఒకామె చేతిలో రాయి అలాగే ఉండిపోవడం గమనించి దగ్గరికి వచ్చాడు. కొంచెం వంగి, ఎంతో మెత్తగా చెప్పాడు.

"అమ్మా, అది మాలు కాదు. పారేయండి."

వాక్యంలో ఒక్క తప్పు లేదు.

మేస్త్రమ్మ పట్టా మీదుగా చెయ్యి చాపి ఆ ముక్కను తీసుకుంది. నున్నటి పక్కన బొటనవేలితో ఒకసారి రాసింది, అంటుకున్న ఎర్ర దుమ్ము పోయేదాకా. తర్వాత తల తిప్పకుండా భుజం మీదుగా వెనక్కి విసిరింది.

"పారేసినా సామీ," అంది, తర్వాతి రాయి కోసం చెయ్యి చాపుతూ.

ఆమె వెనక కొత్త గుట్ట అప్పటికే మోకాలెత్తు లేచింది.